జేగురు పూత, తొగరు పండు

మీ ఇంట్లో అమ్మకో నాన్నకో క్యాన్సర్ అని తెలిసిందనుకోండి. వారం తిరిగేలోపు ఇల్లంతా సలహాలతో నిండిపోతుంది. సబ్బు మానేసి సున్నిపిండి వాడమంటారు ఒకరు. ఫలానా ఆకు పసరు తాగితే కణితి కరిగిపోతుందంటారు మరొకరు. ఇంకొకరు ఖరీదైన పండ్లరసం సీసా తెచ్చి చేతిలో పెడతారు. వీరెవరి మనసులోనూ చెడు లేదు. మీకు కూడా చేతులు కట్టుకుని కూర్చోవడం కంటె ఏదో ఒకటి చేయాలనే ఉంటుంది. కాని ఏది నమ్మాలి? "ప్రకృతి సిద్ధమైనదే కదా, హాని ఏముంటుంది?" అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. అందులో కొంత తెలుసుకోవడానికి మనం బంగాళాఖాతం దాటి అండమాన్ నికోబార్ దీవులకు వెళదాం. చెన్నై నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. ఓడలో సుమారు మూడు రోజుల ప్రయాణం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడివారిలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. పెద్ద వైద్యం కోసం సముద్రం దాటి రావలసి వచ్చే చోట, పెరట్లో దొరికే మందు మీద ఆశ ఎక్కువగా ఉండడం సహజమే కదా!

మూడు రకాల మన్ను

ఇ.హెచ్.మాన్ అనే బ్రిటిష్ అధికారి 1869 నుంచి చాలా ఏళ్లు అండమాన్‌లో పనిచేశాడు. అక్కడి ఆదివాసుల జీవితం గురించి 1880 దశకంలో వివరంగా రాశాడు. వారు ఒంటికి మూడు రకాల పూతలు పూసుకునేవారట. మొదటిది నీటిలో కలిపిన లేత రంగు బంకమన్ను. మాంసం బాగా తిన్నప్పుడు కలిగే వేడి తగ్గడానికీ, ఎవరైనా చనిపోయినప్పుడు సంతాప సూచకంగానూ దాన్ని పూసుకునేవారు. రెండోది మెత్తని తెల్లమన్ను. అది అలంకారానికి. మూడోది కాల్చిన జేగురును జంతువుల కొవ్వుతో నూరిన ఎర్రని పూత. అలంకారంతో పాటు జబ్బు చేసినప్పుడు కూడా దాన్ని వాడేవారు.

తరువాత 1906-08 మధ్య మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అక్కడ పరిశోధన చేశాడు. 1922లో వెలువడిన తన గ్రంథంలో ఈ పూతలకు మరొక అర్థం చెప్పాడు. రోగికి ఎర్రమన్ను పూయడమంటే "నువ్వు మా మనిషివి, నీకు మా రక్షణ ఉంది" అని సమాజం చెప్పడమేనని ఆయన వివరణ సారాంశం.

ఈ పూతలో విజ్ఞానం ఏమైనా ఉందా? కొంత ఉంది. జేగురు ఎండ నుంచి చర్మాన్ని కొంతవరకు కాపాడుతుందని 2015లో ప్రచురితమైన పరీక్షల్లో తేలింది. కొవ్వు చర్మంలోని తేమను పోనివ్వదు. అంటే తరతరాల పరిశీలనలో నిజం దాగి ఉండవచ్చు.

కాని కథ అక్కడితో ఆగలేదు. 1858లో బ్రిటిష్‌వారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం పెట్టారు. (ఈ నగరానికి 2024లో శ్రీ విజయ పురం అని పేరు మార్చారు.) బయటివారితో పాటు కొత్త వ్యాధులూ వచ్చాయి. 1877లో తట్టు వ్యాపించి ఎంతోమందిని బలి తీసుకుంది. ఒకప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1901 నాటికి 625 మందే మిగిలారు. జేగురు పూత తట్టును ఆపలేకపోయింది. ఇందులో వారి తెలివితక్కువతనం ఏమీ లేదు. ఏ సంప్రదాయ వైద్యమైనా తాను చూసిన జబ్బుల నుంచే నేర్చుకుంటుంది. చూడని జబ్బు వచ్చినప్పుడు దాని చేతిలో మందు ఉండదు.

సీసాలోకి ఎక్కిన పండు

ఇక పండ్లరసం సీసా సంగతి చూద్దాం. అండమాన్ నికోబార్ తీరాల్లో ఒక చిన్న చెట్టు పెరుగుతుంది. శాస్త్రీయ నామం మొరిండా సిట్రిఫోలియా. నికోబారీలు దీన్ని 'లోరాంగ్' అంటారు. తెలుగులో తొగరు చెట్టు. తొగరు అంటే ఎరుపు. దీని వేరు నుంచి బట్టలకు వేసే ఎర్రని రంగు తీసేవారు కాబట్టి ఆ పేరు సరిపోయింది. దీని గింజలో చిన్న గాలి గది ఉంటుంది. అందువల్ల అది సముద్రంలో తేలుతూ దీవి నుంచి దీవికి చేరగలదు. ఉప్పు నేలను తట్టుకుంటుంది. పండు బంగాళాదుంపంత ఉండి, పండాక ఘాటైన దుర్వాసన వేస్తుంది. పసిఫిక్ దీవులవారు దీని ఆకులను, పండ్లను పుండ్లకు, నొప్పులకు వాడేవారు. హవాయి భాషలో దీని పేరు 'నోని'. ఈ పేరుతోనే అది ప్రపంచ మార్కెట్లోకి వచ్చింది.

ఎలా వచ్చిందో గమనించండి. 1985లో హవాయిలో ఒక రసాయన శాస్త్రవేత్త, ఈ పండులో శరీర కణాలను బాగుచేసే ప్రత్యేక పదార్థం తయారవుతుందని రాశాడు. ఆ పదార్థాన్ని ఇతరులెవరూ వేరుచేసి చూపలేదు. 1993లో జపాన్ శాస్త్రజ్ఞులు ఈ చెట్టులోని డామ్నకాంథాల్ అనే పదార్థం ప్రయోగశాలలో క్యాన్సర్ లక్షణాలున్న కణాల మీద పనిచేసినట్టు చూపారు. కాని అది వేరులో దొరికే పదార్థం. సీసాలో ఉన్నది పండు రసం! 1994లో హవాయిలో క్యాన్సర్ ఉన్న ఎలుకలకు పండు రసం ఇస్తే అవి ఎక్కువ కాలం బతికాయి. కాని ఆ రసాన్ని వాటికి తాగించలేదు, పొట్టలోకి సూదితో ఎక్కించారు.

ఈ చిన్న చిన్న 'కాని'లను ప్రకటనలు వదిలేశాయి. 1996 నుంచి నోని రసం అమెరికాలో భారీగా అమ్ముడుపోయింది. క్యాన్సర్‌ను సైతం నయం చేస్తుందన్న ప్రచారానికి ఆధారాలు లేవంటూ 1998లో నాలుగు అమెరికా రాష్ట్రాల న్యాయాధికారులు ఒక కంపెనీ మీద చర్య తీసుకున్నారు. 2003లో ఐరోపా సంఘం ఆ రసాన్ని ఆహారంగా అమ్మడానికి అనుమతించింది. అయితే ఇతర పండ్లరసాల కంటె దీనికి ప్రత్యేకమైన ఆరోగ్య లాభం ఉన్నట్టు ఆధారం లేదని నిపుణుల సంఘం తేల్చింది.

మరి మనుషుల మీద పరీక్షించలేదా? పరీక్షించారు. హవాయి విశ్వవిద్యాలయ క్యాన్సర్ పరిశోధకులు, ముదిరిన క్యాన్సర్ ఉన్న రోగులకు ఎండబెట్టిన నోని పండు పొడిని మాత్రలుగా రోజుకు 14 గ్రాముల వరకు ఇచ్చి చూశారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. ఎవరి కణితీ తగ్గలేదు. కొన్ని మోతాదుల్లో అలసట కొంత తగ్గినట్టు అనిపించింది. కాని మందు లేని మాత్రలు ఇచ్చిన మరో జట్టుతో పోల్చలేదు కనుక అది నోని మహిమే అని చెప్పలేం.

హాని సంగతో? ఈ రసంలో నారింజ రసంలో ఉన్నంత పొటాషియం ఉంటుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయని ఒక రోగి ఈ రసం తాగడం వల్ల రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరిగినట్టు 2000లో అమెరికా వైద్యులు నివేదించారు. 'ప్రకృతి సిద్ధం' అన్న మాట మూత్రపిండాలకు తెలియదు.

బిళ్లగన్నేరు చెప్పిన జవాబు

అయితే మొక్కల మందులన్నీ వట్టివేనా? అలా తొందరపడకండి. మీ పెరట్లోని బిళ్లగన్నేరును చూడండి. దీని పుట్టిల్లు మడగాస్కర్. జమైకాలో మధుమేహానికి దీని ఆకుల కషాయం తాగేవారు. 1952లో అక్కడి నుంచి కెనడాకు కొన్ని ఆకులు చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు వాటిని ఎలుకల మీద పరీక్షించారు. రక్తంలో చక్కెర తగ్గలేదు. కాని తెల్లకణాలు పడిపోయాయి! మరొకరైతే 'మందు పనిచేయలేదు' అని వదిలేసేవారేమో. తెల్లకణాలు అదుపు లేకుండా పెరిగే జబ్బే రక్త క్యాన్సర్ కదా అని వారు ఆలోచించారు. 1958లో విన్‌బ్లాస్టిన్ గురించి ప్రకటించారు. అదే కాలంలో అమెరికాలో మరొక బృందం కూడా ఈ మొక్క మీద పనిచేసింది. 1963లో విన్‌క్రిస్టిన్‌కు అనుమతి వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఈనాటికీ దాని స్థానం దానిదే.

కాని ఆకు నమిలితే మందు వేసుకున్నట్టు కాదు. బిళ్లగన్నేరు ఆకు విషం. మందును మిల్లీగ్రాముల్లో కొలిచి నరంలోకే ఎక్కిస్తారు. నరం బయటికి కారితే ఆ చోటు కండ దెబ్బతింటుంది. తొగరును, బిళ్లగన్నేరును శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్న ఒక్కటే: "నిజంగా పనిచేస్తావా?" ఒకటి ఔనంది. రెండోది ఇంతవరకు ఔననలేదు.

చర్మం సంగతి

క్యాన్సర్ చికిత్సలో చర్మం చాలా బాధపడుతుంది. చర్మం అడుగు పొరలోని కణాలు ఎప్పుడూ విభజన చెందుతుంటాయి. రేడియేషన్ వాటినీ దెబ్బతీస్తుంది. చర్మం ఎండకు కమిలినట్టు ఎర్రబడుతుంది, పొడిబారుతుంది, ఒక్కోసారి ఊడుతుంది. అప్పుడే ఇంటింటి చిట్కాలు గుర్తుకొస్తాయి.

ఇక్కడా పరీక్షలు జరిగాయి. 1996లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో, రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 194 మంది స్త్రీలలో సగం మందికి కలబంద గుజ్జు, సగం మందికి అలాంటిదే కాని కలబంద లేని గుజ్జు ఇచ్చారు. తేడా కనిపించలేదు. 2004లో ఫ్రాన్స్‌లో 254 మంది మీద కేలెండులా పూల లేపనాన్ని మరొక లేపనంతో పోల్చారు. (ఇది మన బంతి కాదు, ఆ కుటుంబానికే చెందిన వేరే మొక్క.) చెప్పుకోదగ్గ చర్మ బాధ కేలెండులా వాడినవారిలో 41 శాతానికి, రెండోది వాడినవారిలో 63 శాతానికి వచ్చింది. కలబంద, కేలెండులా రెండూ ప్రకృతి ఇచ్చినవే. ఫలితాలు మాత్రం వేరు!

నికోబార్ జీవితమంతా అల్లుకుని ఉన్న కొబ్బరి మాటేమిటి? 2004లో ఫిలిప్పీన్స్‌లో చర్మం పొడిబారిన 34 మంది మీద కొబ్బరినూనెను మినరల్ ఆయిల్‌తో పోల్చితే రెండూ సమానంగా పనిచేశాయి. కొబ్బరినూనె మంచిదే. కాని అవి మామూలు పొడి చర్మాలు. రేడియేషన్ తగిలిన చోట నూనెగాని, పసుపుగాని, మన్నుగాని డాక్టరును అడగకుండా పూయకూడదు. సున్నిపిండితో రుద్దనే కూడదు. గోరువెచ్చని నీరు, ఘాటులేని సబ్బు, వాసన లేని లేపనం, మెత్తని నూలు బట్ట, ఎండ నుంచి రక్షణ: సాధారణంగా వైద్యులు చెప్పే జాగ్రత్తలు ఇవే.

ఎక్కడ గీత గీయాలి?

2018లో అమెరికాలోని యేల్ పరిశోధకులు ఒక లెక్క తీశారు. నయమయ్యే దశలో ఉన్న రొమ్ము, ఊపిరితిత్తులు, పెద్దపేగు, ప్రొస్టేట్ క్యాన్సర్ల రోగుల్లో కొందరు మామూలు చికిత్స మాని ప్రత్యామ్నాయ వైద్యాన్నే నమ్ముకున్నారు. వారిలో మరణించే అవకాశం చికిత్స తీసుకున్నవారి కంటె రెండున్నర రెట్లు ఉంది. అసలు ప్రమాదం సీసాలో ఉన్న రసం కంటె, దాన్ని నమ్ముకుని పోగొట్టుకునే కాలంలోనే ఎక్కువగా ఉంది.

మరి రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఎర్రమన్నులో చూసిన అర్థాన్ని పారేద్దామా? అవసరం లేదు. ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడమే కాదు, శారీరక, మానసిక, సామాజిక క్షేమమని 1948 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రయాన్ని స్థాపించిన డాక్టర్ సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో శరీరంతో పాటు మనసు, కుటుంబం, భయం కూడా కలిసి ఉంటాయని చెప్పి వైద్యాన్నే మార్చింది. రోగి పక్కన కూర్చోవడం, పాదాలు నిమరడం, నచ్చిన వంట చేయడం, మందుల వేళలు రాసిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్లడం మీరు చేయగలిగినవే. వీటిలో ఏదీ చికిత్సకు పోటీ కాదు.

ఇక ఎవరైనా సీసా తెచ్చినప్పుడు మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. ఇది మనుషుల మీద పరీక్షించినదా, ఎలుకల మీదనా? దేనితో పోల్చారు? అమ్మ వాడుతున్న మందులతో ఇది కలిస్తే ఏమవుతుంది? మూడో ప్రశ్నకు జవాబు సీసా మీద ఉండదు. ఆ సీసాను సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. దాచకండి. ఇంటివారు దాచిన పసరు గురించి డాక్టరుకు తెలియకపోవడం వల్ల జరిగే హానిని ఆపగలిగినవారు మీరే.