గుట్ట కరిగి మన్నై, మన్ను ఉడికి రాయై

బోనకల్‌లో రోడ్డు పనికి పోసిన కంకర కుప్పలోంచి ఒక రాయి తీసి ఎండలో తిప్పి చూడండి. గాజుపెంకులా తెల్లగా ఉన్నది పలుగు. లేత గులాబీ, బూడిద రంగుల్లో చదునుగా మెరిసేది ఫెల్‌స్పార్. నల్లగా తళుక్కుమనేది అభ్రకం, పెద్దవాళ్ల మాటలో కాకిబంగారం. ఈ మూడూ విడివిడిగా కంటికి ఆనుతున్నాయంటే ఆ రాయి ఒకప్పుడు ద్రవంగా ఉండేదనీ, కిలోమీటర్ల లోతున లక్షల ఏళ్లపాటు మెల్లగా చల్లారిందనీ అర్థం. త్వరగా చల్లారిన రాయిలో గింజ పెరగడానికి వ్యవధి ఉండదు. వికారాబాద్ వైపు కనిపించే నల్లటి లావా రాయి అలాంటిదే. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల మీదికి పొంగి, గాలి తగిలి గడ్డకట్టింది.

మీ చేతిలోని రాయిలో నలుపు తెలుపు చారలు కూడా ఉంటే కథ ఇంకొంచెం ఉంది. చల్లారి గట్టిపడ్డ ఆ రాయి మళ్లీ లోతుకు దిగి, వేడికీ ఒత్తిడికీ మెత్తబడి, పిండిముద్దలా సాగింది. దాన్ని నైస్ అంటారు. ఖమ్మం ప్రాంతానికి అడుగు నేల చాలా మేరకు ఇదే. వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. హిమాలయాలు పుట్టి 5 కోట్ల ఏళ్లే అయింది. మన ఊరి పక్క గుట్టను చిన్నదని చూడకూడదు.

ఆ గుట్ట కూడా నిలిచి ఉండదు. వాననీటిలో కరిగి ఉండే కాస్త ఆమ్లం ఫెల్‌స్పార్‌ను తినేసి బంకమన్ను చేస్తుంది. పలుగు మాత్రం లొంగదు, ఇసుకగా మిగులుతుంది. రాయి సగం కుళ్లితే మొరం, పూర్తిగా కుళ్లితే చెలక. బోనకల్ బ్రాంచి కాలువ కింద మిర్చీ పత్తీ పండిస్తున్న రైతు దున్నేది కుళ్లిన కొండనే. మిగిలిన ఇసుకను వైరా ఏరు మున్నేటికి, మున్నేరు కృష్ణకు అప్పగిస్తాయి. సముద్రం అడుగున అది పొరలు పొరలుగా పేరుకుంటే, పై పొరల బరువుకు కింది పొరలు బిగుసుకుని ఇసుకరాయి అవుతుంది. రాయిని స్థిరత్వానికి గుర్తుగా చెప్పుకుంటాం కానీ, రాయి చరిత్ర అంతా మారిన చరిత్రే.

ఈ మార్పు మన బతుకుల్లోకి నేరుగా వచ్చిన చోటు ఇల్లందు. భద్రాచలం వెళ్లే యాత్రికులు అక్కడ ఆగి నల్లరాళ్లు పొయ్యిగా పెట్టి వంట చేసుకుంటుంటే రాళ్లే అంటుకున్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమైనా, కొలతలు తీసి బొగ్గును లెక్కలోకి ఎక్కించింది భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్. అది 1870ల తొలి ఏళ్ల సంగతి. కింగ్ అదృష్టం కొద్దీ తడుముకున్నవాడు కాదు. గోదావరి లోయ రాళ్లను పొర వెంట పొర చదివాడు, 1881లో వాటి మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు, తర్వాత ఆ సంస్థకే డైరెక్టరయ్యాడు. ఇక్కడి బొగ్గు పొరల్లో ఒకటి నేటికీ కింగ్ సీమ్. దానికి తోడు క్వీన్ సీమ్ కూడా ఉంది.

1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889లో ఇల్లందులో బొగ్గు తవ్వకం మొదలైంది. నిజాం రైలు మార్గం బెజవాడ చేరింది కూడా ఆ ఏడాదే. డోర్నకల్ నుంచి బోనకల్ మీదుగా సాగే ఆ పట్టాల వెంట మన నేల బొగ్గు ఊళ్లు దాటింది. 1920లో కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది.

మే నెలలో కొత్తగూడెం ఎండను ఎరిగినవాళ్లకు చెబితే నమ్మరు కానీ, ఆ బొగ్గు పొరల కింద మంచు గుర్తులున్నాయి. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి ఒకే ఖండంలో ఉండేది. మంచు నదులు ఈడ్చుకొచ్చి వదిలేసిన గుండ్లూ రాళ్లూ బొగ్గు పొరలకు అడుగున ఇంకా ఉన్నాయి. మంచు కరిగాక చిత్తడి అడవులు లేచాయి. వాటిలో ముఖ్యమైనది నాలుక ఆకారపు ఆకుల గ్లోసాప్టెరిస్ చెట్టు. అది కూలి నీటిలో పడితే, గాలి తగలక కుళ్లలేదు. మీద ఇసుకా మట్టీ పడుతుంటే కింద లోయ కుంగుతూ పోయింది. చెట్టు నల్లని పీచుగా, పీచు బొగ్గుగా మారడానికి లోయ కుంగడమే కారణం. గని కార్మికుడు బొగ్గు పెచ్చులో ఆకు ఈనెలు చూశానంటే అది కట్టుకథ కాదు.

ఆ ఉమ్మడి ఖండానికి 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడువర్డ్ సూయెస్ పెట్టిన పేరు గోండ్వానా లాండ్. గోండుల నేల నుంచి వచ్చిన పేరది. మన ఏజెన్సీ కోయలు ఆ గోండులకు భాషలోనూ సంస్కృతిలోనూ దగ్గరివాళ్లు. పాపికొండల్లో గోదావరి కోసుకుంటూ పోయే రాయి ఖోండలైట్. 1902లో ఆ పేరు పెట్టిన వాకర్ దాన్ని ఖోండు ఆదివాసుల నుంచి తీసుకున్నాడు. ఒకప్పటి బురదే భూమి లోతుల్లో ఉడికి ఆ రాయి అయింది. మన అడవి మనుషుల పేర్లు ప్రపంచ భూశాస్త్ర పుస్తకాల్లో ఉన్నాయి, మన పిల్లల పాఠాల్లోనూ ఉండాలి.

బురద ఉడికి రాయైన దానికి ఇంకా అందమైన సాక్ష్యం కొత్తగూడెం చేరువలోని గరీబ్‌పేట గుట్ట. బంకమన్నులో ఉండే అల్యూమినియం, ఇనుము 500 డిగ్రీలు దాటిన వేడిలో, పైనున్న కొండల బరువు కింద, కొత్త జతలు కట్టి ఎర్రని గార్నెట్‌లు అయ్యాయి. రాయి కరగలేదు, గట్టిగా ఉంటూనే లోపల మనిషి మారినట్టు మారింది. వాన ఆ గుట్టను కోస్తే గార్నెట్‌లు రాలి ఇసుకలో కలుస్తాయి. వాటి లోపల సన్నని పోగుల్లాంటి సిల్లిమనైట్ ఉంటుంది, ఎర్రరాయికి అదే పుట్టుమచ్చ. పుదుచ్చేరి పక్కన అరికమేడు అనే పాత రేవు ఉంది. రోమ్‌తో వ్యాపారం సాగిన ఆ చోటును 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించాడు. అక్కడ దొరికిన గార్నెట్ పూసల్ని జర్మనీ, ఫ్రాన్స్, భారత్ పరిశోధకులు గరీబ్‌పేట రాళ్లతో పోల్చి, రెండింటి పుట్టుమచ్చా ఒకటేనని 2017లో ప్రచురించారు. ఏ రాజూ శాసనం వేయించని వ్యాపారాన్ని ఆ పోగులు చెప్పాయి. ఖమ్మం చరిత్ర అంటే కోట, స్తంభాద్రి, నేలకొండపల్లి అని మొదలుపెడతాం. నా మట్టుకు ఈ ఎర్రరాయి కూడా ఆ వరసలో నిలవాల్సిందే.

ఇదంతా ముగిసిపోయిన పని అనుకోవద్దు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. బొగ్గును దాచిన ఆ పాత లోయ అంచుల పగుళ్లు ఇంకా కదులుతున్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరుబావి నుంచి వేడినీళ్లు పైకి తన్నితే, ఆ వేడితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది.

భూపాలపల్లి దగ్గరి పాండవుల గుట్ట ఇసుకరాయి కొండకు భూ వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. గరీబ్‌పేట గుట్టకూ ఆ గుర్తింపు రావాలి. గుట్ట కింద రాళ్లు ఏరుకునే పిల్లలకు అలాంటివి ఎక్కడిదాకా వెళ్లాయో చెప్పే ఒక బోర్డు తెలుగులో నిలబెట్టాలి. ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల ఉపాధ్యాయులు ఈ ఏడాది విహారయాత్రకు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాలని కోరుతున్నాను.