మీటల పలక మీద తెలుగు: కొంత చరిత్ర

మన సాహిత్య చరిత్రలు కవుల కులగోత్రాల గురించీ కాలనిర్ణయం గురించీ పేజీలకు పేజీలు వాదిస్తాయి. ఆ కవి దేనితో రాశాడు, ఆ పనిముట్టు ఎవరి చేతికి అందేది, ఎవరికి అందేది కాదు అన్న ప్రశ్నలు మాత్రం వాటికి పట్టవు. తాటాకు, గంటాల గురించి రెండు వాక్యాలు, అచ్చుయంత్రం గురించి ఒక పేరా, అంతటితో సరి. రాత పరికరం కూడా ఒక ఉత్పత్తి సాధనమే గదా అని అనగలిగిన మనం సైతం ఈ సంగతిని వదిలేశాం. నాకు ఈ ఆలోచన ఏ గ్రంథాలయంలోనో రాలేదు. కీబోర్డు కొనబోయి ఇందులో పడ్డాను.

పోయిన వేసవి సెలవుల్లో, నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్న ఒక యువకుడు పాలకుర్తి వచ్చి మా ఇంట్లో కూర్చున్నాడు. సంచిలోంచి ఒక కీబోర్డు తీశాడు. మెకానికల్ అట. ప్రతి మీట కిందా ఒక ప్లాస్టిక్ కాడ, ఒక స్ప్రింగు, రెండు లోహపు రేకులు ఉంటాయి. మీట సుమారు నాలుగు మిల్లీమీటర్లు దిగుతుంది గాని, దాదాపు సగం దిగేసరికే అక్షరం నమోదవుతుంది. అడుగుదాకా గుద్దనక్కర్లేదు. మామూలు కీబోర్డులో అన్ని మీటల కిందా రబ్బరు గుబ్బలే. కొన్నాళ్లకు అవి మెత్తబడతాయి. ఈ స్విచ్చులు అయిదు కోట్ల నుంచి పది కోట్ల నొక్కుళ్ల దాకా ఓర్చుకుంటాయని తయారీదార్లు చెబుతారు. 1980ల మొదట్లో జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ వీటిని తెచ్చింది. ఆ పేటెంట్ల గడువు తీరాక చైనా కంపెనీలూ చేస్తున్నాయి. నీలం రంగు స్విచ్చు టక్కుమంటుంది. గోధుమ రంగుది చప్పుడు తక్కువ, వేలికి చిన్న తట్టు తగులుతుంది. ఎరుపుది నున్నగా దిగిపోతుంది. “మీకు ఏది బాగుంటది సార్?” అని మూడు రంగుల నమూనాలు నా ముందు పెట్టాడు.

ఒక్కొక్కటీ నొక్కి చూశాను. ఆ కుర్రవాడి ఉత్సాహాన్ని తేలిగ్గా తీసిపారెయ్యడానికి లేదు. మగ్గం మీద నాడె జారే తీరు చేతికి తెలిసినవాడికే తెలుస్తుంది. మా ప్రాంతపు గీత కార్మికుడికి తన కత్తి పదును బొటనవేలి మీదే తెలుస్తుంది. వేళ్లతో బతికే మనిషి తన పనిముట్టు గురించి అంత పట్టింపుగా మాట్లాడటం మంచి విషయమే. కాని అరగంట విన్నాక ఒక మాట అడిగాను: “ఇందులో తెలుగు అక్షరాలు ఎక్కడ నాయనా?” ఆ ప్రశ్నకు అతని దగ్గర రంగు లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికాలో షోల్స్ అనే పత్రికా సంపాదకుడు, అతని మిత్రులు టైపురైటరుకు 1868లో పేటెంటు పొందారు. 1874లో దాన్ని అమ్మకానికి తెచ్చిన రెమింగ్టన్ కంపెనీ అప్పటిదాకా తుపాకులకు పేరు పడ్డది. క్యు, డబ్ల్యు, ఇ, ఆర్ అనే వరస అప్పుడే స్థిరపడింది. అక్షరాల చువ్వలు ఒకదాన్నొకటి చిక్కుకోకుండా అలా పేర్చారని ప్రచారంలో ఉంది. టెలిగ్రాఫు ఉద్యోగుల అవసరాలే కారణమని వాదించిన పరిశోధకులూ ఉన్నారు. ఏదైనా, అది ఒక కాలపు ఇనుప యంత్రానికి కుదిరిన వరస. 1936లో డ్వోరాక్ అనే ఆచార్యుడు వేళ్లకు సుఖమైన మరొక వరసకు పేటెంటు తీసుకున్నాడు. ఎవరూ మారలేదు. టైపిస్టుల వేళ్లు అప్పటికే పాత వరసకు అలవాటుపడి ఉన్నాయి, వాళ్లకు మళ్లీ నేర్పే ఖర్చు భరించడానికి ఏ యజమానీ సిద్ధపడలేదు. ఇవాళ నా శిష్యుడి కొత్త కీబోర్డు మీద ఉన్నది ఆ 1870ల నాటి వరసే.

మరి మన ప్రాంతంలో? నిజాం రాజ్యంలో 1880లలో కోర్టులకూ కచేరీలకూ పార్సీ స్థానంలో ఉర్దూ వచ్చింది. తెలుగు మాత్రం వాకిట్లోనే నిలబడింది. ఇదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమి కోసం విసునూరు దేశ్‌ముఖుతో తలపడిన రోజుల్లో, ఆమె మాట్లాడే భాష సర్కారు కాగితం మీది భాష కాదు. జాను తెనుగును తలకెత్తుకున్న సోమనాథుడి ఊళ్లో పరిస్థితి అది. తెలుగులో పరిపాలన జరగాలని చట్టం వచ్చింది 1966లో. వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది 1974లో. చట్టం చేసినంత మాత్రాన కాగితం మీదికి తెలుగు రాదు. దానికి యంత్రం కావాలి.

ఆ యంత్రమేమో ఇంగ్లీషు ఒంటికి కుట్టిన చొక్కా. నలభయ్యారు మీటలుంటే షిఫ్టుతో కలిపి 92 గుర్తులు. అచ్చుకూటంలో తెలుగు కంపోజిటరు ముందు వందల గడుల కేసు ఉండేది. ఆ వందలను 92లో ఇరికించాలి. అందుకని అక్షరాన్ని విరగ్గొట్టారు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. కొన్ని మీటలు కొట్టినా బండి ముందుకు జరగదు. గుర్తు పడి, తర్వాతి గుర్తు దానిపైనే పడుతుంది. అలా ముక్కలు అతికితే ఒక అక్షరం. ఇంగ్లీషు టైపిస్టు ఒక దెబ్బతో కొట్టేదాన్ని తెలుగు టైపిస్టు రెండు మూడు దెబ్బలతో కొట్టాలి. జీతం మాత్రం దెబ్బల లెక్కన రాదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు, 1990ల చివర, జనగామలో ఒక ఇన్‌స్టిట్యూటులో టైపు నేర్చుకున్నాను. అక్కడ పన్నెండు ఇంగ్లీషు మిషన్లు, మూలన ఒకే ఒక తెలుగు మిషను. దాని మీద కూర్చోవాలంటే పొద్దున ఆరింటికే పోవాలి. నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. లోయరు, హయ్యరు పాసైతే ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం దొరక్కపోతుందా అన్న ఆశ వాళ్లది. చిటికెన వేలితో షిఫ్టు నొక్కి నొక్కి సాయంత్రానికి వేలు వంగేది కాదు. మా సారు మీటలు కనపడకుండా చేతుల మీద చెక్కమూత పెట్టించేవాడు. ఇప్పుడు కీబోర్డు అభిరుచి అంటూ మాట్లాడే మనం, ఆ జ్ఞానాన్ని మొదట వేళ్లలో దాచుకున్నది ఆ పిల్లలని మరిచిపోరాదు. మన సంఘాల కరపత్రాలు సైక్లోస్టైలు స్టెన్సిళ్ల మీద ఎక్కింది ఇలాంటి చేతులతోనే. కరపత్రం రాసినవాడి పేరు చరిత్రలో దొరుకుతుంది, స్టెన్సిలు కొట్టినవారి పేరు దొరకదు.

డి.టి.పి. వచ్చాక టైపు మిషన్లు మూలబడ్డాయి. మన దేశంలో 1955 నుంచి టైపురైటర్లు చేసిన గోద్రెజ్ కూడా తయారీ ఆపేసింది. ఇనుప చువ్వలు పోయాయి గనక, ఇక తెలుగుకు తగిన వరస పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. నిజానికి కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లోనే భారతీయ భాషలన్నిటికీ కలిపి ఇన్‌స్క్రిప్ట్ అనే వరసను తయారుచేయించింది. 1991లో అది జాతీయ ప్రమాణంలో చేరింది. అయినా మన డి.టి.పి. సెంటర్లలో నడిచింది ‘ఆపిల్’ వరస, అను ఫాంట్లు. పెళ్లి పత్రిక నుంచి కవితా సంకలనం దాకా అన్నీ వాటితోనే. ఆ ఫాంట్లలో కంప్యూటరుకు తెలుగు తెలియదు. అది దాచుకునేది ఇంగ్లీషు సంకేతాలను, కంటికి మాత్రం తెలుగు బొమ్మ చూపిస్తుంది. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని గీతలు. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా, 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దాకా మామూలు కంప్యూటరులో అది పనికి రాలేదు. ఆ తర్వాతా అలవాటు వదల్లేదు.

దీని ఫలితం ఎంతటిదో నాకు అనుభవమే. ఒక చిన్న పత్రికకు నేను రాసిన పన్నెండు వ్యాసాలను పుస్తకం చేద్దామని ఫైళ్లు తెప్పించుకున్నాను. తెరిస్తే అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ చుక్కలూ గీతలూ. మార్పిడి సాఫ్టువేరుతో మారిస్తే ఒత్తులు సగం ఎగిరిపోయాయి. చివరికి అచ్చు ప్రతి చూసి మళ్లీ కొట్టాను. మన కథలు, విమర్శలు, సంఘాల పత్రికల సంచికలు ఎన్ని ఇలా ఫైళ్లలో మూగబోయి ఉన్నాయో! పరిశోధక విద్యార్థి వాటిలో ఒక్క మాట వెతుక్కోలేడు. శిథిలమైన తాటాకునైనా కళ్లజోడు పెట్టుకుని చదవవచ్చు.

ఇక ఇన్‌స్క్రిప్ట్. ఇందులో ఎడమచేతి కింద అచ్చుల గుర్తులు, కుడిచేతి కింద ఎక్కువగా హల్లులు. ‘పాలకుర్తి’ కొట్టండి: ప, దీర్ఘం, ల, క, కొమ్ము, ర, పొల్లు, త, గుడి. తొమ్మిది నొక్కుళ్లు, ఒక్క షిఫ్టు లేదు. అదే మాట ఇంగ్లీషు లిపిలో కొట్టి తెలుగు చేయించుకుంటే పది పన్నెండు అవుతాయి. నొక్కుళ్ల లెక్క కన్నా నన్ను బాధించేది వేరే ఉంది. నా తరగతిలో పిల్లలు ఫోనులో తెలుగు రాయాలంటే ముందు ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో అనుకుంటారు. ళ, ల తేడా, ణ, న తేడా కాగితం మీద కూడా తడబడుతున్నారు. దీనికి కీబోర్డు ఒక్కటే కారణమని నేననను. అయితే ఏడో తరగతి పిల్ల తన మాటను పరాయి లిపి దొడ్డిదారిన తిప్పి తెచ్చుకోవడాన్ని సౌకర్యం అని పిలవడం నా వల్ల కాదు. ఇన్‌స్క్రిప్ట్‌లోనూ లోపాలు లేకపోలేదు. ఒత్తుకు ముందు పొల్లు కొట్టాలనేది టైపు మిషను మీద పెరిగిన వేళ్లకు తలకిందుల వ్యవహారం. నాకు అది వంటబట్టడానికి రెండు నెలలు పట్టింది.

నా శిష్యుడు రంగు నిర్ణయించుకొమ్మని పోరుతూనే ఉన్నాడు. దుకాణాల బిల్లు కౌంటర్ల మీద, ఆఫీసుల్లో చాలామంది చూసే ఉంటారు, టి.వి.ఎస్. గోల్డ్ అనే లావుపాటి కీబోర్డును. చాలాకాలం నీలం చెర్రీ స్విచ్చులతో వచ్చింది. మన దేశంలో ఆ మాట తెలియకుండానే మెకానికల్ కీబోర్డు వాడినవాళ్లు దాని గుమాస్తాలే. గుమాస్తాల మీది అభిమానంతో మొదట దాన్నే తెచ్చుకున్నాను. మొదటి రాత్రే పక్క గదిలోంచి మా అమ్మ, “ఏందిరా ఆ టకటక, పండుకోనియ్యవా?” అంది. దాన్ని బడికి ఇచ్చేసి గోధుమ రంగుది కొన్నాను. స్విచ్చు చెడితే పీకి వేరేది పెట్టుకునే రకం. మీటల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటిద్దామనుకుని మానేశాను. మా టైపు సారు చెక్కమూత గుర్తొచ్చింది. బడిలో ఉన్న దానికి మాత్రం పిల్లలు తెల్ల కాగితం కత్తిరించి, పెన్నుతో అక్షరాలు రాసి, గమ్ టేపుతో అంటించారు. ‘ళ’ ఎక్కడ పెట్టాలో తేలక ఇద్దరు పోట్లాడుకుని నా దగ్గరికి వచ్చారు.