ఆక్టోపస్ జోస్యం - బోథ్ అభ్యర్థి

2018 డిసెంబర్ 11న మా రిసాలిలో తెలుగువాళ్ళ ఇళ్ళలో టీవీలు రెండు భాషల్లో మోగాయి. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ ఓట్ల లెక్కింపులు ఆ రోజే జరిగాయి. మా మిత్రబృందానికి తెలంగాణ ఫలితం మీద అనుమానమే లేదు. కారణం, విజయవాడ మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ ముందే చెప్పేశారు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను.

అంతకుముందు కొన్ని ఎన్నికల్లో లెక్కలు కుదరడంతో ఆయనకు 'ఆంధ్రా ఆక్టోపస్' అనే పేరు వచ్చింది. ఈ బిరుదు మూలమే మనలాంటి వాళ్ళకు హెచ్చరిక కావలసింది. జర్మనీలోని పాల్ అనే ఆక్టోపస్ 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో 8 మ్యాచ్‌ల విజేతలను సరిగ్గా 'చెప్పింది'. 2008 యూరో కప్‌లో ఫైనల్‌తో సహా రెండుసార్లు తప్పిన సంగతి మాత్రం ఎవరూ తలచుకోలేదు. జమ పద్దులే చూపించి ఖర్చు పద్దులు దాచిన ఖాతాను ఏ ఆడిటరైనా ఒప్పుకుంటాడా?

పోలింగ్‌కు వారం ముందు, తిరుమల దర్శనం చేసుకుని, రాజగోపాల్ ఒక సంచలనం ప్రకటించారు. 8 నుంచి 10 మంది స్వతంత్రులు గెలుస్తారన్నారు. నారాయణపేటలో శివకుమార్ రెడ్డి, బోథ్‌లో అనిల్ జాదవ్ అని రెండు పేర్లూ చెప్పారు. రాష్ట్రంలో చాలామంది ఆ పేర్లు వినడం అదే మొదటిసారి. డిసెంబర్ 7న పోలింగ్ ముగిశాక మహాకూటమికి 65 సీట్లు, టీఆర్ఎస్‌కు 35 అన్నారు, పది అటూ ఇటూగా.

ఫలితం: 119 స్థానాల్లో టీఆర్ఎస్‌కు 88. శివకుమార్ రెడ్డిది రెండో స్థానం, అనిల్ జాదవ్‌ది మూడో స్థానం. గెలిచిన స్వతంత్రుడు ఒకే ఒక్కడు, వైరాలో రాములు నాయక్.

సర్వే నిజాయితీగానే జరిగిందనుకుందాం. ఒక్కో నియోజకవర్గంలో యాదృచ్ఛికంగా ఎంచిన 400 మందిని అడిగారనుకుందాం. అప్పుడు వందకు 95 సార్లు అంకె అసలు సంఖ్యకు 5 శాతం అటూ ఇటూగా ఉంటుంది. మిగతా ఐదుసార్లు ఇంకా దూరం పోతుంది. అంటే 119 నియోజకవర్గాల్లో దాదాపు ఆరు చోట్ల అంకె కేవలం కాకతాళీయంగా గాడి తప్పుతుంది. పెద్దగా పేరులేని అభ్యర్థి ముందంజలో కనిపించేది ఎక్కువగా అలాంటి చోట్లే. సర్వేలోంచి ఆశ్చర్యకరమైనవి ఏరి ప్రకటించడమంటే, తెలియకుండానే తప్పులను ఏరి ప్రకటించడమే! రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసిన రోజుల్లో మాకొక అలవాటు ఉండేది. మరీ వింతగా ఉన్న అంకె కనబడితే ముందు కూడిక మళ్ళీ చేసేవాళ్ళం, తర్వాతే ఆశ్చర్యపడేవాళ్ళం.

కథ అక్కడితో ఆగలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశానికి వంద సీట్ల దాకా వస్తాయన్నారాయన. 175లో 151 వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చాయి. దాంతో సర్వేలు మానుకుంటున్నానని ప్రకటించారు. మన జ్యోతిష్కుల్లో ఇలా మానుకున్న వాళ్ళను నేను చూడలేదు కాబట్టి ఈ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

2023లో అనిల్ జాదవ్ బోథ్‌లో నిజంగానే గెలిచారు, బీఆర్ఎస్ టికెట్ మీద. 'చూశారా, ఆక్టోపస్ ఐదేళ్ళు ముందే చెప్పింది' అని మా మిత్రుడొకరు ఫోన్ చేశాడు. గడువు లేని జోస్యం ఎప్పటికైనా ఫలిస్తుంది, అందుకే దానికి విలువ లేదు.

అదే రోజు మా పక్క జిల్లా బెమెతరాలోని సాజాలో, అంతకుముందు రాజకీయాల్లో పేరే వినబడని ఈశ్వర్ సాహు ఏడుసార్లు ఎమ్మెల్యే అయిన రవీంద్ర చౌబేను ఓడించారు. చాలా ఎగ్జిట్ పోల్స్ కాంగ్రెస్‌కే మొగ్గు చూపిన రాష్ట్రంలో బీజేపీకి 90లో 54 వచ్చాయి. సాయంత్రానికల్లా 'నాకు ముందే తెలుసు' అన్నవాళ్ళు మా వీధిలోనే నలుగురు తేలారు. వాళ్ళను నేనడిగింది ఒక్కటే: 'ఏ తేదీన, ఎక్కడ రాసిపెట్టారు?'

మిత్రులారా, మీరూ ఈ ప్రశ్న అడగండి. బాబాలను మాత్రమే కాదు, అంకెలు చెప్పేవాళ్ళనూ అడగండి.