ఐరన్ క్రాస్: అసలు, నకిలీల గుర్తింపు

ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ 1813 మార్చిలో నెలకొల్పిన సైనిక పతకం ఐరన్ క్రాస్. 1870, 1914, 1939లలో యుద్ధాలు వచ్చినప్పుడల్లా దాన్ని పునరుద్ధరించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రెండవ తరగతి పతకాలు లక్షల్లో ఇచ్చారు కనుక అవి నేటికీ విరివిగా దొరుకుతాయి. నకిలీల బెడద ఎక్కువగా ఉన్నది ఐరన్ క్రాస్‌లో పై తరగతి అయిన అరుదైన నైట్స్ క్రాస్‌కే.

పరీక్ష నిర్మాణంతో మొదలవ్వాలి. అసలు పతకం సాధారణంగా మూడు ముక్కలు: నల్లరంగు వేసిన పోత ఇనుప పలక, దాన్ని ముందూ వెనకా బిగించే రెండు తెల్లలోహపు చట్రాలు. భూతద్దంతో అంచును చూస్తే రెండు చట్రాలూ కలిసిన టంకం గీత కనిపించాలి. ఒకే అచ్చులో పోసిన నకిలీలో ఆ గీత ఉండదు, లేదా ఉత్తుత్తిగా గీసి ఉంటుంది. అలాంటి నకిలీలో అంచు వెంట ఉండే పూసల్లాంటి చుక్కలు మొద్దుబారి, మధ్యలో సన్నని గుంటలు కనిపిస్తాయి.

అయస్కాంతం పరీక్షకు అమ్మకందారులు ఇచ్చేంత విలువ దానికి లేదు. నకిలీలోనూ ఇనుము పెట్టవచ్చు. అసలైనవాటిలోనూ కొన్నింటికి ఇనుప పలక లేదు.

రిబ్బన్‌ను అతినీలలోహిత దీపం కింద పెడితే యుద్ధానంతర దారం తరచూ తెల్లగా మెరుస్తుంది. అయితే పాత పతకానికి కొత్త రిబ్బన్ తగిలించడం మామూలే. తయారీదారు ముద్రనూ కొత్తగా కొట్టవచ్చు. స్వస్తిక లేకుండా ఓక్ ఆకులున్న 1939 పతకం మాత్రం నకిలీ కాదు, 1957 నాటి పశ్చిమ జర్మనీ చట్టం అనుమతించిన రూపం.