మార్చిన చేతులు, కాపాడిన చేతులు: స్పోర్ట్స్ కార్ల తొమ్మిది దశాబ్దాలు

స్పోర్ట్స్ కారు కొన్నవాళ్లు మొదటి నుంచీ రెండు తెగలు. కొందరు ఇంజన్ విప్పి శక్తి పెంచుతారు. కొందరు కంపెనీ బిగించిన బోల్టును కూడా కదలనివ్వరు. దీన్ని అభిరుచి భేదమని సరిపెట్టుకుంటాం గానీ, చరిత్ర చూస్తే అసలు కారణం తెలుస్తుంది. కార్లు చవగ్గా, విరివిగా దొరికినంతకాలం మార్చేవాళ్లదే పైచేయి. అవి అరుదైపోయాక కాపాడేవాళ్లది.

1932లో ఫోర్డ్ సామాన్యుడి ధరకే వి8 ఇంజన్ ఇచ్చింది. శక్తి 65 హార్స్‌పవర్. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులు కొని, బరువు తగ్గడానికి మడ్‌గార్డులు పీకేసి, కార్బురేటర్లు పెంచి, మ్యూరాక్ ఎండుసరస్సు మీద వేగం తేల్చుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక వాళ్ల కోసం 1948లో ‘హాట్ రాడ్’ పత్రికే వచ్చింది. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ పాత ఆస్టిన్ సెవెన్‌ను మార్చి తొలి లోటస్ తయారుచేశాడు. 1965కల్లా ఫోర్డే తన మస్టాంగ్‌ను రేసు కార్ల తయారీదారు కారల్ షెల్బీ చేతిలో పెట్టింది. 271 హార్స్‌పవర్ 306 అయింది.

1989లో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ వచ్చేనాటికి 280 హార్స్‌పవర్ దాటకూడదని జపాన్ కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి. పందేల కోసం రూపొందిన ఆ ఇంజన్ అంతకు చాలా ఎక్కువే మోయగలదు. కంపెనీ కట్టిపెట్టిన శక్తిని యజమానులు టర్బోలు మార్చి బయటికి తీశారు. 2014లో, పాతికేళ్లు నిండిన ఆ కార్లకు అమెరికా దిగుమతి ద్వారం తెరుచుకుంది. అప్పటికి మార్పులు లేని బండి దొరకడమే కష్టమైంది; దానికే గిరాకీ పెరిగింది.

ఫెరారీ 250 జీటీఓ మరీ గొప్ప పాఠం. 1962-64 మధ్య తయారైనవి 36. వాటిలో ఒకటి 2018లో మాంటెరీ వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఆ కారుకు 1964లోనే స్కాలియెట్టి అనే బాడీ తయారీ సంస్థ కొత్త బాడీ కట్టింది. అయినా తొలినాటి ఇంజన్, గేర్‌బాక్స్ దానితోనే ఉన్నాయి; జరిగిన ప్రతి మార్పూ రికార్డుకెక్కింది. విలువ నిలిచింది అందుకే.

కాబట్టి మార్చాలనుకుంటే మార్చండి. తిరిగి బిగించగలిగేలా మార్చండి. విప్పిన పార్టులు తుక్కుకు వేయకండి. ఏం మార్చారో తేదీతో సహా రాసిపెట్టండి. ఈ రోజు వీధికొకటి కనిపించే బండి రేపు అరుదైపోతుంది. తర్వాతి యజమానికి రెండు దారులూ తెరిచి ఉంచడం ఇప్పటి యజమాని బాధ్యత.