యూఎఫ్‌ఓ: ఆకాశంలో వింత వస్తువు కనిపిస్తే అదేంటో ఎలా తేలుస్తారు? చూసినవాళ్ల మాట ఎందుకు కీలకం?

2022 డిసెంబర్ 7న హైదరాబాద్ వాసులకు ఆకాశంలో తెల్లగా, గుండ్రంగా ఓ వస్తువు కనిపించింది. ఇంకేముంది, ఏలియన్స్ వచ్చేశాయంటూ వీడియోలు వైరల్ అయ్యాయి. అదే రోజు వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని పొలాల్లో ఓ భారీ క్యాప్సూల్ దిగడంతో జనం ఎగబడ్డారు. ఇంతకీ అదేంటంటే.. స్పెయిన్ కంపెనీ హాలో స్పేస్ అంతరిక్ష పర్యాటకం కోసం చేసిన ప్రయోగం. హైదరాబాద్‌లోని టీఐఎఫ్‌ఆర్ బెలూన్ కేంద్రం నుంచే దాన్ని పైకి పంపారు.

అంటే జనం చూసింది నిజమే. అదేంటన్న అంచనా మాత్రమే తప్పింది. యూఎఫ్‌ఓ కేసుల్లో ఎక్కువ శాతం ఇలాంటివే.

తేలనివి ఎన్ని?

1947 నుంచి 1969 వరకు అమెరికా వైమానిక దళం దగ్గరికి 12,618 ఘటనలు వచ్చాయి. చాలావాటికి నక్షత్రాలు, విమానాలు, బెలూన్లే కారణమని తేల్చారు. 701 మాత్రం మిగిలిపోయాయి. అవి గ్రహాంతరవాసుల పనేనని కాదు, అవేంటో చెప్పలేకపోయారంతే.

దర్యాప్తు ఎలా?

ముందు టైమ్, ప్లేస్, దిక్కు, ఎంతసేపు కనిపించింది అన్నవి రాసుకుంటారు. ఆ సమయంలో శుక్ర గ్రహం ఎక్కడుంది, ఏ విమానాలు వెళ్లాయి, బెలూన్లు ఎగరేశారా, స్టార్‌లింక్ శాటిలైట్లు వరుసగా కనిపించాయా అని సరిచూస్తారు. సాక్షులను విడివిడిగా అడుగుతారు. ఒకరి మాట విని మరొకరు తమ జ్ఞాపకాన్ని మార్చుకునే ప్రమాదం ఉంటుంది మరి.

చూసినవాళ్ల సంగతేంటి?

1964 ఏప్రిల్ 24న న్యూ మెక్సికోలోని సొకోరోలో పోలీస్ అధికారి లోనీ జమోరా, స్పీడ్‌గా వెళ్తున్న కారును వెంబడిస్తుండగా పెద్ద శబ్దం విన్నారు. అటు వెళ్తే గుడ్డు ఆకారంలో తెల్లటి వస్తువు కనిపించిందని, అది మంటలు చిమ్ముతూ ఎగిరిపోయిందని చెప్పారు. అక్కడ కాలిన పొదలు, నేలపై గుంతలు కనిపించాయి. ఖగోళ శాస్త్రవేత్త అలెన్ హైనెక్ స్వయంగా వెళ్లి ఆయనతో మాట్లాడారు. వైమానిక దళం ఈ కేసును తేలని జాబితాలోనే ఉంచింది.

అసలు సమస్య ఏంటంటే.. నవ్వుతారేమోనని చాలామంది బయటికి చెప్పరు. గ్రహాంతరవాసుల ఆధారాలేవీ దొరకలేదన్న నాసా నిపుణుల బృందం కూడా, ఈ భయం వల్లే డేటా అందకుండా పోతోందని 2023 రిపోర్టులో పేర్కొంది.

మీకు కనిపిస్తే?

జూమ్ చేయకుండా, చెట్టో బిల్డింగో ఫ్రేమ్‌లో ఉండేలా వీడియో తీయండి. టైమ్, దిక్కు వెంటనే రాసుకోండి. ఫార్వర్డ్ కొట్టే ముందు ఈ పని చేస్తే అదేంటో తేల్చడం చాలా ఈజీ.