సొంత లారీతో ఉపాధి: పొందవలసిన అనుమతులు, పాటించవలసిన గడువులు

మచిలీపట్నం: దిగువ కృష్ణా డెల్టాలో పండిన ధాన్యం మిల్లులకు చేరాలన్నా, మిల్లుల నుండి బియ్యం గోదాములకు తరలాలన్నా, చెరువులలో పట్టిన చేపలు, రొయ్యలు ఐసు పెట్టెలలో దూర రాష్ట్రాలకు వెళ్ళాలన్నా లారీయే ప్రధాన ఆధారం. పూణే నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నంలో ముగుస్తుంది. కత్తిపూడి నుండి ఒంగోలుకు సాగే 216వ నంబరు జాతీయ రహదారి మచిలీపట్నం, చల్లపల్లి, మోపిదేవి ప్రాంతాల మీదుగా వచ్చి, పులిగడ్డ - పెనుమూడి వారధిపై కృష్ణానదిని దాటుతుంది. గుడివాడను పామర్రుతోను, తూర్పున భీమవరం వైపు గ్రామాలతోను 165వ నంబరు జాతీయ రహదారి కలుపుతోంది. మచిలీపట్నం ఓడరేవు పనులు 2023 మే నెలలో ప్రారంభమైన నాటి నుండి రవాణా రంగంపై యువతకు ఆసక్తి పెరగడం సహజం.

ఇతరుల వద్ద క్లీనరుగా, డ్రైవరుగా పనిచేసి, అనుభవం గడించి, అప్పు చేసి సొంత లారీ కొనుక్కొనే వారికి రవాణా వ్యాపారంలోని మెలకువలు తెలిసే ఉంటాయి. అయితే యజమాని హోదాలో వారిపై పడే చట్టపరమైన బాధ్యతలు వేరు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, పర్మిట్, బీమా, పన్ను అనే ఆరు అంశాలూ గొలుసు వంటివి. వీటిలో ఒక్కటి తెగినా మిగిలిన వాటి విలువ సన్నగిల్లుతుంది. ప్రమాదం జరిగిన రోజున ఆ లోపం లక్షల రూపాయల భారంగా మారి యజమాని ఆస్తిపై పడే అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988, కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 ప్రకారం పాటించవలసిన అంశాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

డ్రైవింగ్ లైసెన్సు

రవాణా వాహనం నడపడానికి 20 సంవత్సరాల వయస్సు నిండి ఉండాలి. తేలికపాటి మోటారు వాహనం నడిపే లైసెన్సు పొంది కనీసం ఒక సంవత్సరం గడిచిన తరువాతనే భారీ రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇస్తారు. ఫారం 1-ఎ లో వైద్యుని ధృవపత్రం, డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 జతచేయాలి. గతంలో అమలులో ఉన్న 8వ తరగతి అర్హత నిబంధనను 2019లో తొలగించారు.

స్థూల బరువు 7,500 కిలోలు మించని వాహనాలను తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. అంతకు మించిన లారీలకు తగిన అర్హత లైసెన్సులో నమోదై ఉండవలసిందే. రవాణా లైసెన్సు 5 సంవత్సరాలు చెల్లుబాటవుతుంది. గడువు తీరిన తరువాత లభించే 30 రోజుల వెసులుబాటు 2019 సవరణతో రద్దయింది. కావున గడువుకు ముందే నవీకరించుకోవాలి.

రిజిస్ట్రేషన్

కొత్త వాహనానికి ఫారం 20 లో దరఖాస్తు, డీలరు ఇచ్చే విక్రయ పత్రం (ఫారం 21), తయారీదారు ఇచ్చే రహదారి యోగ్యతా పత్రం (ఫారం 22), బీమా, చిరునామా ధృవీకరణ, పాన్ వివరాలు అవసరం. ఛాసిస్ మాత్రమే కొని బాడీ కట్టించుకొనే వారు, బాడీ నిర్మించిన వారి నుండి ఫారం 22-ఎ కూడా పొంది, తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు లోపల వాహనాన్ని తనిఖీకి తీసుకువెళ్ళాలి.

బ్యాంకు లేదా ఫైనాన్స్ సంస్థ నుండి రుణం తీసుకొన్నపుడు ఆ విషయం ఫారం 34 ద్వారా ఆర్.సి.లో నమోదవుతుంది. రుణం తీరిన వెంటనే ఫారం 35 పొంది ఆ నమోదును రద్దు చేయించుకోవాలి. ఇందులో అలసత్వం వహిస్తే వాహనం అమ్ముకొనే సమయంలో ఇబ్బంది తప్పదు. చిన్న సరుకు రవాణా వాహనాలు కొనదలచిన వారికి 2015 నుండి అమలులో ఉన్న ప్రధానమంత్రి ముద్రా యోజన క్రింద రుణ సదుపాయం ఉంది.

ఫిట్‌నెస్

వాడుకలో 'బ్రేక్ ఇన్‌స్పెక్టర్' అని పిలిచే మోటారు వాహన తనిఖీ అధికారి గాని, అధీకృత తనిఖీ కేంద్రం గాని వాహనాన్ని పరీక్షించి ఫిట్‌నెస్ ధృవపత్రం ఇస్తారు. కొత్త వాహనానికి 2 సంవత్సరాలు, తరువాత వాహనం వయస్సు 8 సంవత్సరాలు నిండే వరకు రెండేసి సంవత్సరాలు, ఆపైన ఏటేటా ఈ పత్రం అవసరం. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనాన్ని చట్టంలోని 56వ సెక్షన్ సక్రమంగా రిజిస్టరైన వాహనంగా పరిగణించదు. అనగా ఫిట్‌నెస్ గడువు తీరిన రోజున చేతిలో ఆర్.సి. ఉన్నా లేనట్లే.

పర్మిట్

స్థూల బరువు 3,000 కిలోలు మించని సరుకు వాహనాలకు పర్మిట్ అవసరం లేదు. దివిసీమ గ్రామాల నుండి కూరగాయలు, రొయ్యలు తరలించే చిన్న ట్రక్కులకు ఇది ఉపయోగకరం. అంతకు మించిన వాహనాలకు 5 సంవత్సరాల కాలపరిమితితో పర్మిట్ ఇస్తారు. గడువు ముగియడానికి కనీసం 15 రోజుల ముందు నవీకరణకు దరఖాస్తు చేయాలి.

రాష్ట్ర పర్మిట్ ఆంధ్రప్రదేశ్ పరిధికే వర్తిస్తుంది. 2014 జూన్ 2న తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైన నాటి నుండి గుడివాడ నుండి ఖమ్మానికి గాని, హైదరాబాదుకు గాని వేసే లోడు అంతర్రాష్ట్ర ప్రయాణం క్రిందికి వస్తుంది. ఇతర రాష్ట్రాలకు తరచుగా వెళ్ళేవారు నేషనల్ పర్మిట్ తీసుకోవడం మేలు. 2010లో వచ్చిన కొత్త విధానం క్రింద ఏటా రూ. 16,500 ఏకీకృత రుసుము, రూ. 1,000 అధికార పత్రం రుసుము చెల్లించి దేశమంతటా తిరగవచ్చు. సాధారణ లారీకి 12 సంవత్సరాలు, మల్టీ యాక్సిల్ వాహనానికి 15 సంవత్సరాలు దాటితే నేషనల్ పర్మిట్ వర్తించదు. ఈ పర్మిట్‌తో వేరొక రాష్ట్రంలోని ఒక ఊరిలో సరుకు ఎత్తి అదే రాష్ట్రంలోని మరొక ఊరిలో దించడం నిషిద్ధం.

పన్ను

సరుకు వాహనాలకు ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్ను చట్టం, 1963 ప్రకారం త్రైమాసిక పన్ను చెల్లించాలి. త్రైమాసికాలు ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలలతో మొదలవుతాయి. మరమ్మతుల వల్ల గాని, పని లేక గాని లారీని నిలిపివేయదలచిన యజమాని ఆ త్రైమాసికం మొదలు కాకముందే రవాణా శాఖకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయని పక్షంలో వాహనం వాడుకలో ఉన్నట్లుగానే నియమావళి భావిస్తుంది. పాతబడిన రవాణా వాహనాలకు హరిత పన్ను అదనం.

బీమా

థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది ఇతరులకు కలిగిన నష్టానికే పరిమితం. తుఫాను, వరదలలో లారీకి కలిగే నష్టం సమగ్ర పాలసీ ఉంటేనే లభిస్తుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చవిచూసిన దివిసీమలో ఈ తేడాను విస్మరించరాదు. లారీని స్వయంగా నడిపే యజమానికి రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉండాలి. జీతానికి డ్రైవరును, క్లీనరును పెట్టుకొంటే వారికి కూడా పాలసీలో రక్షణ ఉన్నదీ లేనిదీ పరిశీలించుకోవాలి.

పర్మిట్ లేకుండా వాహనం నడపడం చట్టం యొక్క మౌలిక ఉల్లంఘన అని 2018 మే నెలలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అటువంటి సందర్భాలలో బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుండి రాబట్టుకొంటుంది. ప్రీమియం సక్రమంగా కట్టినప్పటికీ భారం తప్పదన్న మాట.

కోతల సమయంలో ధాన్యం బస్తాలపై కూలీలను, దారిలో చేయి చూపిన వారిని ఎక్కించుకోవడం మరొక ప్రమాదం. సరుకు వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు తప్పనిసరి బీమా వర్తించదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు యజమానికి లేదా ఆయన అధీకృత ప్రతినిధికి మాత్రమే 1994 సవరణ ద్వారా రక్షణ లభించింది.

అధిక బరువు

రెండు యాక్సిళ్ళ లారీకి అనుమతించిన స్థూల బరువును 2018 జూలైలో 16.2 టన్నుల నుండి 18.5 టన్నులకు పెంచారు. అయితే ఆర్.సి.లో నమోదైన బరువే ప్రమాణం. ఉదాహరణకు 18.5 టన్నుల లారీ ఖాళీ బరువు 6.5 టన్నులైతే 12 టన్నుల సరుకు, అనగా 75 కిలోల ధాన్యం బస్తాలు 160 మాత్రమే వేయాలి. అదనంగా 40 బస్తాలు వేస్తే 3 టన్నులు మించినట్లు. 2019 సవరణ ప్రకారం రూ. 20,000, దానిపై టన్నుకు రూ. 2,000 చొప్పున, మొత్తం రూ. 26,000 జరిమానాతో పాటు అదనపు సరుకును దించే ఖర్చును కూడా భరించాలి. ఒక్క కిరాయి లాభం అంతటితో హరించుకుపోతుంది.

సరుకు వెంట ఉండవలసిన పత్రాలు

రూ. 50,000 మించిన విలువ గల, జి.ఎస్.టి. వర్తించే సరుకుకు ఈ-వే బిల్లు అవసరం. లారీ నంబరు అందులో సరిగా నమోదైనదీ లేనిదీ బయలుదేరే ముందే చూసుకోవాలి. 2021 జనవరి 1 నుండి ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున బిల్లుకు గడువు ఉంటుంది. ధాన్యం, తాజా చేపలు పన్ను లేని సరుకులు కనుక వాటికి ఈ-వే బిల్లు అక్కరలేదు. అయినను సరుకు యజమాని ఇచ్చిన బిల్లు, కాటా చీటీ వెంట ఉంచుకోవాలి. ఇసుక, మట్టి తరలించేటపుడు గనుల శాఖ నిబంధనల మేరకు జారీ అయిన రవాణా పత్రం తప్పనిసరి.

10 లారీలకు మించని యజమానులకు ఆదాయపు పన్నులో సులభ విధానం ఉంది. స్థూల బరువు 12 టన్నులు మించిన లారీకి టన్నుకు నెలకు రూ. 1,000, ఇతర వాహనాలకు నెలకు రూ. 7,500 ఆదాయంగా లెక్కించవచ్చు. ఈ లెక్కన 18.5 టన్నుల లారీపై సంవత్సర ఆదాయం రూ. 2,22,000 అవుతుంది. పాన్ నంబరుతో పాటు ధృవీకరణ పత్రం ఇచ్చిన వారి కిరాయిలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వారు ముందుగా పన్ను మినహాయించరు.

పాత లారీ కొనేవారికి సూచన

2019లో రాష్ట్రమంతటా ఒకే ఏ.పి. 39 శ్రేణి వచ్చినందున, కొత్త నంబరును బట్టి వాహనం ఏ జిల్లాదో గుర్తించే వీలు లేదు. బయానా ఇచ్చే ముందు పన్ను బకాయిలు, చలానాలు, ఫైనాన్స్ నమోదు, ఫిట్‌నెస్, పర్మిట్ వివరాలను పరిశీలించాలి. ఫారం 29, 30 ద్వారా యాజమాన్య మార్పిడికి రాష్ట్రంలోపల 14 రోజులలో తెలియజేయాలి. ఇతర రాష్ట్రపు వాహనమైతే ఫారం 28 లో నిరభ్యంతర పత్రం అవసరం. ఆర్.సి. మారనంత కాలం ప్రమాద బాధ్యత అమ్మిన వ్యక్తిపైనే ఉంటుంది కనుక అమ్మేవారు కూడా మార్పిడి పూర్తయ్యే వరకు శ్రద్ధ వహించాలి.

యజమాని మరణించినపుడు

లారీ యజమాని మరణిస్తే వారసులు ఆ సంగతిని 30 రోజుల లోపల రవాణా అధికారులకు తెలియజేయాలి. అట్లు తెలియజేసిన వారు 3 నెలల పాటు అదే పర్మిట్‌పై వాహనం నడుపుకోవచ్చు. ఆ 3 నెలల లోపలనే పర్మిట్ బదిలీకి, ఫారం 31 లో యాజమాన్య మార్పిడికి దరఖాస్తు చేయాలి. దుఃఖంలో ఉన్న కుటుంబాలు ఈ గడువును మరచిపోతే జీవనాధారమైన బండి ఇంటి ముందే నిలిచిపోతుంది.

గుర్తుంచుకోవలసిన గడువులు

- డ్రైవింగ్ లైసెన్సు: 5 సంవత్సరాలు
- ఫిట్‌నెస్: 8 సంవత్సరాల వరకు రెండేళ్ళకు, తరువాత ఏడాదికి ఒకసారి
- పర్మిట్: 5 సంవత్సరాలు, నేషనల్ పర్మిట్ రుసుము ఏటేటా
- పన్ను: ప్రతి త్రైమాసికం
- కాలుష్య ధృవపత్రం: కొత్త లారీకి మొదటి సంవత్సరం తరువాత, బి.ఎస్.-4, ఆపై ప్రమాణాల వాహనాలకు ఏటా ఒకసారి
- చిరునామా మార్పు: 30 రోజులలో

పత్రాలను డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలో చూపినా చెల్లుబాటవుతాయి. 2021 ఫిబ్రవరి నుండి టోల్ గేట్ల వద్ద ఫాస్టాగ్ తప్పనిసరి అయినందున దానిని కూడా ముందుగానే అమర్చుకోవాలి. దరఖాస్తుదారులు రుసుములను రవాణా శాఖ అధికారిక సేవల ద్వారానే చెల్లించి రసీదు పొందాలి. ఖాళీ ఫారాలపై సంతకాలు చేసి మధ్యవర్తుల చేతిలో పెట్టరాదు. ఈ గడువులన్నింటినీ ఒక కాగితంపై వ్రాసి లారీ క్యాబిన్‌లో ఒకటి, ఇంటి వద్ద ఒకటి ఉంచుకొంటే, యజమాని దూర ప్రయాణంలో ఉన్నప్పటికీ కుటుంబ సభ్యులు ఆయా తేదీలను గుర్తు చేయగలుగుతారు.